పార్కుకు గురువారం సెలవు

మా ఊరి మున్సిపల్ పార్కు పెద్ద గేటుకు ఒక రేకు బోర్డు వేలాడేది. పూలు కోయరాదు, గడ్డి మీద పడుకోరాదు, గోడల మీద రాయరాదు అని వరసగా రాసి, అన్నిటికంటే కింద ఎర్ర రంగుతో 'గురువారం సెలవు' అని రాసి ఉండేది. సూర్యాపేట మగవాళ్లు ఆ చివరి మాటను నమ్మేవాళ్లు. మేము నమ్మేవాళ్లం కాదు.

గురువారం నాడు పెద్ద గేటుకు తాళం వేసి తోటమాలి చెట్లకు నీళ్లు కట్టేవాడు. పార్కు వెనక సందులో, అతని గది పక్కన, మనిషి వంగి దూరాల్సిన చిన్న ఇనుప తలుపు ఒకటి ఉండేది. ఎండ కాస్త వాలగానే తోటమాలి భార్య ఆ తలుపు గొళ్లెం తీసి, పక్కన పీట వేసుకుని కూర్చునేది. ఆడవాళ్లు ఒక్కొక్కరే వంగి లోపలికి వెళ్లేవాళ్లు. మీసాలున్నవాడెవడైనా సందులోకి తొంగిచూస్తే ఆమె లేవకుండానే, "ఏం బావా, సీర గట్టుకొని రాపో, అప్పుడు రానిస్త" అనేది. వాడు మళ్లీ ఆ సందులో కనిపించేవాడు కాదు.

ఈ ఏర్పాటు ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఏ కాగితంలోనూ లేదు. మా అమ్మ కాపురానికి వచ్చేనాటికే ఉందట. గానుగ చెట్ల కింద బీడీలు చుట్టే ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని గుంపుగా కూర్చునేవాళ్లు. వాళ్ల చేతులు ఆకు చుడుతూనే ఉండేవి, నోళ్లు ఊరినంతా చుట్టి వచ్చేవి. పక్క వాడలోంచి వచ్చే ముస్లిం ఆడవాళ్లు బురఖాలు మడిచి బెంచీ మీద పెట్టి, గడ్డి మీద కాళ్లు చాపుకుని పల్లీలు ఒలుచుకునేవాళ్లు. ఒక ఆమె మాత్రం వచ్చీ రాగానే గోడవారన కొంగు పరుచుకుని నిద్రపోయేది. బట్టల దుకాణం సేటు పెద్ద కోడలు ఆమె. గుడికి పోతున్నానని అత్తగారికి చెప్పి వచ్చేది. ఆ ఇంట్లో ఆమెకు కంటినిండా నిద్ర లేదని అందరికీ తెలుసు కాబట్టి, ఆమె పక్కన ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్లు కాదు.

నీళ్లు లేని ఫౌంటెన్ వెనక, ముక్కు విరిగిన సిమెంటు కొంగ పక్కన ఒక బెంచీ నాది. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్న రోజులవి. మాది రెండు గదుల కిరాయి ఇల్లు. నా చేతిలో నవల కనబడితే మా అమ్మ, "కండ్లు పోతయే, గా బియ్యంల రాళ్లన్న ఏరరాదు" అనేది. డైరీ రాసుకుంటుంటే మా అన్న భుజం మీదుగా చదివి, నాలుగు వాకిళ్లకు వినిపించేలా పైకి చెప్పేవాడు. గ్రంథాలయంలో కూర్చుందామంటే బల్లల చుట్టూ పేపర్లు పట్టుకున్న మగవాళ్లు. పుస్తకం మార్చుకుని తల దించుకుని బయటపడటమే. అందుకని వారమంతా పుస్తకాలకు పాత పేపరు అట్టలు వేసి దాచుకుని, గురువారం ఆ బెంచీ మీద చదువుకునేదాన్ని. మిగతా రోజుల్లో పార్కు మధ్య స్తంభానికి కట్టిన మైకులోంచి రేడియో ఊరంతటికీ మోగేది. గురువారం సెలవు కాబట్టి అది కూడా మోగేది కాదు. చదువుతూ ఆగి ఒక మాట గురించి ఆలోచించినా ఎవరూ పిలవని చోటు, నాకు తెలిసినంతలో, ఆ ఊళ్లో అదొక్కటే.

మున్సిపాలిటీవాళ్లు కళల కమిటీని, పార్కు కమిటీని కలిపి ఒకటి చేసినప్పుడు పోయింది అదే. ఇంతకాలమైనా తలచుకుంటే నాకు కోపమే వస్తుంది. ఎవరి మీదని చెప్పలేకపోవడం వల్ల ఆ కోపం తగ్గదు కూడా.

మా మేనత్త ప్రభుత్వ దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. ఊళ్లో సగంమందికి ఆమె చేతుల మీదుగానే కాన్పులయ్యాయి. అందరూ సిస్టరమ్మ అనేవాళ్లు. పార్కు సలహా కమిటీలో ఒక ఆడమనిషి ఉండాలని నియమం ఉన్నందుకు ఆమెను వేశారు. అప్పటి ఆచారం ఏమిటంటే, మహిళా సభ్యురాలు మీటింగుకు రానక్కరలేదు. మీటింగ్ అయ్యాక అటెండరు పుస్తకం ఇంటికి తెచ్చి, వేలు పెట్టి చూపించి, "గీడ సంతకం పెట్టున్రి" అనేవాడు. పెట్టి, అతనికి చాయ్ ఇచ్చి పంపితే ఆమె పని అయిపోయినట్టే. మా అత్తమ్మ మొదటిసారే పుస్తకం మూసి అతని చేతిలో పెట్టింది.

"ఏం రాసిన్రో ఇనకుండ సంతకం పెడితే, రేపు సిస్టరమ్మను గులాబీ చెట్లకు ఎరువెయ్యాలని రాసుకుంటరు. మీటింగ్ ఎప్పుడో చెప్పు, నేనే వస్త."

ఆమెకు అప్పటికే రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. మందపాటి అద్దాల్లోంచి మనిషిని గుర్తుపడుతుంది కానీ టైపు చేసిన అక్షరం కనిపించదు. కాగితాలు చదివి వినిపించడానికి నన్ను వెంట తీసుకుపోయేది. అలా సభ్యురాలిని కాకుండానే నేను కమిటీలో కూర్చున్నాను. తలుపు పక్కన ఆమె కుర్చీ, ఆ కుర్చీ వెనక నా స్టూలు.

పార్కు కమిటీకి అధ్యక్షుడు ఒక వకీలు. మెత్తటి మనిషి, గులాబీలంటే ప్రాణం, గొడవంటే భయం. ఆయన భార్య ప్రతి గురువారం చిన్న తలుపులోంచి వంగి లోపలికి వచ్చేదని ఆయనకు తెలుసు. తెలిసినట్టు ఎప్పుడూ కనిపించేవాడు కాదు. కళల కమిటీకి బట్టల దుకాణం సేటు అధ్యక్షుడు. ఏటేటా జరిగే నాటక పోటీలూ, కళామందిరమూ ఆ కమిటీ కిందివి. సేటు చిన్నప్పటి నుంచి రాజు వేషాలు వేస్తున్నవాడు. జాకెట్ గుడ్డ కొలిచి ఇచ్చేటప్పుడు కూడా రాజ్యం రాసిచ్చినట్టు ఇచ్చేవాడు.

కళామందిరం కప్పు కురవడం మొదలయ్యాక నాటకాలు పార్కులో వేయాలని సేటు పట్టుబట్టాడు. ఒక ఏడాది షామియానా గుంజల కోసం గడ్డిలో గుంతలు తవ్వించాడు కూడా. ఆ గుంతలు చూసి వకీలు అంతటివాడు కంటతడి పెట్టాడని చెప్పుకున్నారు. రెండు కమిటీల ఫిర్యాదులూ కమిషనర్ బల్ల మీద పెరిగిపోయాయి. కమిషనర్ బయటి జిల్లా నుంచి కొత్తగా వచ్చిన మనిషి. "కళలైనా పార్కులైనా ప్రజల ఉల్లాసం కోసమే కదా. దీనికి రెండు కమిటీలు ఎందుకు? ఒకటి చేసేయండి. తగాదాలు లోపలే తేల్చుకోండి," అన్నాడు. కలిపేశారు.

కలిపిన తర్వాత మొదటి మీటింగ్ అంతా పేరు గురించే సరిపోయింది. కళలు ముందు రాయాలా, పార్కులు ముందు రాయాలా. రెండో మీటింగ్ కూడా దానికే పోయింది. చివరకు ఒక మీటింగుకు ఒకటి ముందు, మరో మీటింగుకు మరొకటి ముందు రాయాలని తీర్మానించారు. కళలవాళ్లకు మొదట ప్రార్థన పద్యం పాడే అలవాటు. సేటు రాగం ఎత్తుకుంటే దించడానికి చాలాసేపు పట్టేది. పార్కువాళ్లకు మొదట చాయ్, మిరపకాయ బజ్జీ అలవాటు. కలిసిపోయారు కదా అని ఎవరూ ఏదీ వదులుకోలేదు. పద్యం అయ్యాక బజ్జీలు, బజ్జీలయ్యాక చేతులు తుడుచుకోవడానికి కాగితం వెతుకులాట. దగ్గరలో దొరికేవి అజెండా కాగితాలే. నూనె మరకల మధ్య అక్షరాలు ఏరుకుని నేను అత్తమ్మ చెవిలో చదివేదాన్ని.

"ఏం రాసిన్రే?"

"కప్పు రిపేరు, అత్తమ్మా."

"ఇంకా?"

"ఇంకా బజ్జీ మరకే, అత్తమ్మా."

ఆమె పకపకా నవ్వింది. అందరూ ఇటు తిరిగారు. నేను స్టూలు మీదే ముడుచుకుపోయాను. ఇంటికి వచ్చి ఆ రాత్రి డైరీలో, 'పెద్దవాళ్లు ఇంతమంది ఒక గదిలో కూర్చుని ఏమీ చేయకుండా ఉండగలరని నాకు తెలియదు' అని రాసుకున్నాను. ఏమీ చేయకపోయినా బాగుండేదని తర్వాత అనిపించింది.

రంగస్థలాన్నీ పార్కునూ కలిపి ఎలా నడపాలో పక్క ఊళ్లలో చూసి వద్దామని ఒక ఆదివారం జీపు మాట్లాడారు. "దూరం పోవాలె సిస్టరమ్మా, తొవ్వంత దుమ్ము. లేడీస్ ఎందుకు?" అన్నాడు సేటు.

"దుమ్ము నిన్ను చూసి పక్కకు జరుగుతదా? నువ్వు పుట్టిననాడు కడిగిందే నేను. జరుగు," అని అత్తమ్మ ముందు సీటులో కూర్చుంది. నేను వెనక, మడిచిన కాళ్లతో.

మిర్యాలగూడ పార్కు స్టేషను నుంచి అంత దూరం కాదు. చుట్టూ రైసు మిల్లులు, రోడ్డు పొడవునా లారీలు. మధ్యలో నాటకాల కోసం సిమెంటుతో పెద్ద అరుగు కట్టారని ఎంతో చెప్పుకున్నారు. వెళ్లి చూస్తే అరుగు కనిపించలేదు. దాని నిండా ఉడకబెట్టిన వడ్లు ఎండబోసి ఉన్నాయి. ఒక కూలి ఆమె కాలితో చాళ్లు చేస్తూ వడ్లు తిరగేస్తోంది. సేటు అరుగు ఎక్కబోయాడు.

"అయ్యా, చెప్పులిడిసి ఎక్కున్రి," అని ఆమె కేకేసింది.

సేటు చెప్పులు విడిచి, వంగి అరుగును కళ్లకద్దుకుని మావైపు తిరిగాడు. "సూసిన్రా? రంగస్థలమంటే గీ ఊర్ల ఎంత భక్తో!"

"భక్తి లేదు ఏం లేదు, తినే వడ్లు," అంది ఆమె, చాలు తిప్పుకుంటూ. సేటు వినలేదు. పక్కనున్న మిల్లు మనిషి, నాటకం ఏడాదికి ఒకసారే కానీ వడ్లు దినాం ఉంటాయని చెబితే అదీ వినలేదు. అరుగు మీద ఏ మూల నుంచి రాజు ప్రవేశించాలో చూసుకుంటున్నాడు.

కోదాడలో పార్కు కూడా లేదు. బెజవాడ రోడ్డు మీద లారీలు ఆగే చోట, నాటకాల సంఘం మనిషి ఒకాయన మమ్మల్ని సంత షెడ్డులోకి తీసుకెళ్లాడు. రేకుల కింద ఉల్లిపొట్టు గాలికి దొర్లుతోంది.

"మాకు హాలూ లేదు, తోటా లేదండీ," అన్నాడాయన నవ్వుతూ. "సంతకి సెలవున్న రోజు ఇక్కడే రిహార్సల్సు చేసుకుంటాం. ఎటూ ఖాళీగా పడుండేదేగా!"

తిరిగి వస్తుంటే సేటు వేళ్ల మీద ఏదో లెక్క పెట్టుకుంటున్నాడు. మునగాల దాటాక ఒక్కసారి తొడ చరిచాడు.

"మన పార్కు కూడ గురువారం సెలవే గదా! ఖాళీనే ఉంటది గదా!"

నేను వకీలు వైపు చూశాను. ఆయన అప్పుడే ఏదో ముఖ్యమైనది కనిపించినట్టు బయటి పత్తి చేలవైపు తల తిప్పేశాడు.

తర్వాతి మీటింగులో అది అజెండాకు ఎక్కింది. పార్కుకు సెలవు రోజైన గురువారం నాడు నాటక సమాజాలకు రిహార్సల్సుకు ఇవ్వడం.

"గురువారం గాడ మనుషులు ఉండరని ఎవలు జెప్పిన్రు?" అంది అత్తమ్మ.

"బోర్డు చెప్తున్నది గదా, సిస్టరమ్మా. మీకు కనబడకపోతే మీ మేనకోడల్ని చదవమనున్రి."

అత్తమ్మ నోరు తెరిచేలోపు వకీలు లేచి వచ్చి ఆమె కుర్చీ మీదికి వంగాడు. "జర ఆగున్రి సిస్టరమ్మా. సెలవునాడు తలుపు తీస్తున్నరని కమిషనర్‌కు తెలిసిందనుకో, తోటమాలి నౌకరి ఖతం. వాళ్లుండే గది గూడ పోతది."

"మరి నువ్వే చెప్పు, నీ వకీలు తరీకల."

"నేనెట్ల చెప్త? ఇన్నేండ్ల సంది తెలిసి ఎందుకు ఊకున్నవంటే ఏం చెప్పాలె?"

అదీ మా చిక్కు. మేము అక్కడ ఉన్నామని చెబితే, ఉండకూడని రోజున ఎందుకున్నారని అడుగుతారు. చెప్పకపోతే మేము లేనట్టే. సేటు కోడలి సంగతి వేరే. ఆమె వస్తుందన్న మాట సేటు చెవిన పడితే ఆమెకు గుడి కూడా ఉండదు. అంతలో చాయ్ వచ్చి ఆ అంశం వచ్చే మీటింగుకు వాయిదా పడింది.

ఇంటికి వచ్చాక అత్తమ్మ వాకిట్లో మంచం మీద కూర్చుని అద్దాలు తుడుచుకుంటూనే ఉంది. ఉపాయం చెప్పింది నేనే. ఉన్నదాన్ని ఉందని చెప్పకుండా, కొత్తగా కావాలని అడుగుదాం అన్నాను. ఊళ్లో ఆడవాళ్లు కూర్చోవడానికి చోటు లేదు, వారంలో ఒక పూట పార్కు వాళ్లకు ఇవ్వండి, గురువారం ఎలాగూ ఖాళీయే కదా అని.

"నీది మా తమ్ముని పోలిక గాదే, నా పోలికే," అంది అత్తమ్మ. అంతకంటే పెద్ద మెప్పు ఆమె దగ్గర లేదు. "రాయి. రాసి నువ్వే సదువు."

"అందరి ముందట నాతోని గాదు అత్తమ్మా."

"నీ కండ్లు నాకిచ్చినవ్ గదా ఇన్నొద్దులు. ఒక్కపారి నీ నోరు నాకియ్."

ఎన్నో కాగితాలు చించాను. నవలల్లో మనుషులు గొప్పగా మాట్లాడే చోట్లు గుర్తొచ్చి అలా రాస్తే, చదువుకుంటే సేటు మాట్లాడినట్టుంది. అన్నీ కొట్టేసి మామూలుగా రాశాను. మీటింగుకు ముందటి గురువారం ఆ కాగితం పార్కులో చదివి వినిపించాల్సి వచ్చింది. బీడీలు చుట్టే ఆడవాళ్లు చేతులు ఆపకుండా విన్నారు. "ఓ సదువుకున్న పిల్లా, మంచిగనే రాసినవ్ గని, గట్టిగ సదువు. దోమ గుయ్యిమన్నట్టు సదివితే గా మగోళ్లకు ఇనబడదు," అంది ఒకామె. నిద్రపోయే ఆమె కూడా ఆ రోజు కాసేపు లేచి కూర్చుంది. నా వైపు చూసి, మళ్లీ కొంగు సర్దుకుని పడుకుంది.

మీటింగుకు కమిషనర్ కూడా వచ్చాడు. సేటు పద్యం అయిపోయింది. అత్తమ్మ లేచి, "నాది ఒక దరఖాస్తు ఉన్నది. మా కోడలు సదువుతది," అని కూర్చుంది. నేను స్టూలు మీది నుంచి లేచాను. కాగితం వణికి చప్పుడు చేస్తుంటే దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను. మొదటి వాక్యం నాకే వినపడలేదు. బీడీల ఆమె మాట గుర్తొచ్చి రెండో వాక్యం నుంచి గొంతు పెంచాను. ఆ తర్వాత ఎక్కడా తడబడలేదు. గురువారం సాయంత్రం పూట పార్కును ఆడవాళ్లకు మాత్రమే వదలాలని, ఆ పూట నాటకాలు, రేడియో, మగవాళ్లు లేకుండా చూడాలని చదివి ఆపాను.

కాగితం దించి తలెత్తాను. అప్పుడు సేటు చప్పట్లు కొట్టాడు.

"ఆహా! ఏం గొంతు! ఒక్క ఒత్తు జారిందా? ఎక్కడ ఆగాలె, ఎక్కడ దించాలె, ఎవలన్న నేర్పిన్రా బిడ్డా నీకు?" కళలవాళ్లందరూ తలలూపారు. "మనం రాణి వేషానికి మనిషి దొరకక బెజవాడ దాక పోతున్నం. గీ గొంతు ఈడనే, తలుపు పక్క స్టూలు మీద ఉన్నదని ఎవలకెరుక!"

"పద్యం పాడొస్తదా అమ్మా?" అని వాళ్లలో ఒకాయన అడిగాడు.

"సేటూ," అంది అత్తమ్మ, "పిల్ల ఏం అడిగిందో ఇన్నవా, ఉత్త గొంతే ఇన్నవా?"

"ఇన్న సిస్టరమ్మా. ఆడోళ్లకు పార్కు గావాలె. గంతే గదా?"

కమిషనర్ గొంతు సవరించుకున్నాడు. ఆయన నిజంగానే కదిలిపోయాడు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. "చాలా న్యాయమైన కోరిక. ఆడవాళ్లకు కూర్చునే చోటు లేదంటే మనందరికీ సిగ్గుచేటు. అసలు పార్కుకు సెలవేమిటి? ఒక్క పూట ఎందుకు, వారంలో ఏడు రోజులూ తెరిచి ఉంచుదాం. ఆడవాళ్లు, మగవాళ్లు, అందరూ రావచ్చు. సెలవు రద్దు."

అందరూ చప్పట్లు కొట్టారు. రోజూ జనం వస్తారు కాబట్టి రిహార్సల్సుకే ప్రేక్షకులు దొరుకుతారని కళలవాళ్లకు సంతోషం. తోటమాలి సంగతి బయటపడకుండా గొడవ తీరిందని పార్కువాళ్లకు సంతోషం. కలిసిన తర్వాత రెండు కమిటీలూ ఒక్కమాట మీద చేసిన మొదటి తీర్మానం అది. నేను కాగితం పట్టుకుని నిలబడే ఉన్నాను. 'అందరికీ కాదు సార్, మాకు' అనాలి. అంతే, చిన్న మాట. పెదవుల దాకా వచ్చింది కూడా. అంతలో అటెండరు నా చేతికి బజ్జీల పొట్లం ఇచ్చి, అందరికీ అందించమన్నాడు. అందించాను.

బయటికి వస్తుంటే వకీలు మా వెనకే వచ్చాడు. "ఒక్క పూట అడిగితే ఏడు దినాలు ఇచ్చినం గదమ్మా. ఇగనన్న సంతోషమేనా?"

"ఇంటికి పోయి మీ ఇంటామెను అడుగు," అంది అత్తమ్మ.

మొదటి గురువారం మేము వెళ్లేసరికి బోర్డు మీది ఎర్ర అక్షరాల మీద తెల్ల రంగు పూసి ఉంది. పెద్ద గేటు తెరిచే ఉంది కదా అని వెనక చిన్న తలుపుకు తాళం వేసేశారు. తోటమాలి భార్య అలవాటు కొద్దీ ఆ తలుపు పక్కనే పీట మీద కూర్చుని ఉంది, సందులోకి వచ్చినవాళ్లకు సంగతి చెబుతూ. బురఖాల ఆడవాళ్లు విని వెనక్కి తిరిగారు. బీడీల వాళ్లు ధైర్యం చేసి పెద్ద గేటు గుండా లోపలికి వెళ్లారు కానీ, వాళ్ల చుట్టూ పనిలేని మగవాళ్లు చేరి 'మాకొక కట్ట ఇయ్యి' అని మొదలుపెట్టేసరికి చాటలు నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. వకీలు భార్య రానే లేదు.

సేటు కోడలు సందు మొదటి దాకా వచ్చింది. గోడ అవతల ఆమె మామగారు, రిహార్సల్‌లో రాజై, సేనాపతి మీద మండిపడుతున్నాడు. ఆ గొంతు గోడ దాటి సందంతా వినబడుతోంది. ఆమె అక్కడే ఆగిపోయింది.

"అమ్మా, మా ఇంట్ల మంచమున్నది. జర ఒరిగి పో," అని తోటమాలి భార్య పిలిచింది. ఆమె తల అడ్డంగా ఊపి, కొంగు ముందుకు లాక్కుని తిరిగి వెళ్లింది. నిద్ర మొహంతో ఆమె అలా వెళ్లడం నేను చూశాను. ఆ రోజు డైరీలో ఏం రాసినా ఆమె దగ్గరే ఆగిపోయింది.

అత్తమ్మ మాత్రం మానలేదు. ప్రతి గురువారం నన్ను తీసుకుని పెద్ద గేటు గుండా నడిచి వెళ్లి, సిమెంటు కొంగ పక్కన బెంచీ మీద కూర్చునేది. "తియ్ నీ బుక్కు," అనేది. తీసేదాన్ని. నెత్తి మీద రేడియో, ఎదురుగా రాజులు, చుట్టూ చూసే కళ్లు. ఒకే పేజీ మళ్లీ మళ్లీ చదివి, ఏం చదివానో తెలియక మూసేదాన్ని. రిహార్సల్ మధ్యలో సేటు చెమట తుడుచుకుంటూ వచ్చేవాడు.

"ఆలోచించినవా బిడ్డా? రాణి వేషం. ఏడిసే సీను లేదు, కూసునే ఉంటది."

"వద్దు," అనేదాన్ని నేలవైపు చూస్తూ. ఒకసారి ఎందుకో తలెత్తి, "నేను గీడ సదువుకుంటానికి అడిగిన సేటూ, నాటకానికి గాదు," అన్నాను. ఆయన నవ్వుతూ వెనక్కి తిరిగి తనవాళ్లతో, "సూసిన్రా, కోపంల గూడ గొంతు ఎంత తేటగున్నదో!" అన్నాడు.

కొన్నేళ్లకు ఆ కమిషనర్ బదిలీ అయ్యాడు. కళామందిరం కప్పు కొత్తగా వేశారు. తర్వాత వచ్చినాయన, కళలకూ పార్కులకూ పొంతనేమిటని కమిటీలను మళ్లీ విడదీశాడు. సేటు తన నాటకాలు పట్టుకుని కళామందిరంలోకి వెళ్లిపోయాడు. వకీలు తన గులాబీలు తాను తీసుకున్నాడు. విడిపోయాక పార్కు కమిటీ మొదటి మీటింగులో అత్తమ్మ, మరి మా గురువారం సంగతేమిటని అడిగింది.

వకీలు నిజంగా నొచ్చుకున్నాడు. "అదెట్ల సిస్టరమ్మా? సెలవు తీసెయ్యమన్నది మీరే గదా. తీర్మానంల గట్లనే ఉన్నది, మహిళల కోరిక మీద రద్దు చేసినమని. మహిళలు అడిగి చేయించుకున్నదాన్ని మేమెట్ల తీసేస్తం?"

వాకిట్లోకి వచ్చాక అత్తమ్మ చెప్పులు విడుస్తూ, "ఇంకోటి రాయి," అంది.

"ఏమని రాయాలె?"

"సెలవు గావాలని రాయి. ఆడోళ్లని రాయకు, పార్కని రాయి. వారానికి ఒక్కదినం తాళమేసి చెట్లకు నీళ్లు పెట్టాలె, లేకుంటే గులాబీలు సచ్చిపోతయని రాయి. వెనక తలుపు సంగతి నేను చూసుకుంట."

రాశాను. మొదటి కాగితం కంటే ఇది బాగా కుదిరింది. ఆడవాళ్ల ఊసే లేదు. వకీలుకు నచ్చింది కూడా, కానీ పైవాళ్లు ఏమంటారోనని వచ్చే మీటింగుకు వాయిదా వేశాడు. ఆ తర్వాతి మీటింగులోనూ వేశాడు. ఇప్పటికీ వేస్తూనే ఉన్నాడు. ప్రతి మీటింగులోనూ నేను లేచి చదువుతాను. ఇప్పుడు కాగితం వణకదు. చదవడం అయ్యేసరికి చాయ్ వస్తుంది.